తడవని గడప

ఆ ఏడు వానలకు ముందు మా తోడికోడలికి మెరక మీద కొత్త ఇల్లొచ్చింది, నాకు రాలేదు. చెప్పుకుంటే ఇంతే. కానీ ఆ ఇంత మింగడానికి నాకు ఒక కాలమంతా పట్టింది.

మాది నది ఒడ్డు వీధి. మామగారు ఉన్న ఒక్క ఇంటికీ నడుమ గోడ లేపి కొడుకులిద్దరికీ చెరిసగం ఇచ్చారు. నది వైపు సగం బావగారిది, వీధి వైపు సగం మాది. గోడ ఎంత పల్చనిదంటే, అవతల అక్క గ్లాసు కింద పెడితే ఇవతల నాకు వినబడేది. నేను ఇంట్లో బట్టలు కుడతాను. నా మిషన్ తొక్కితే ఆవిడ అల్మారాలో గిన్నెలు కదిలేవి. ఆవిడ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. వరసకూ అక్కే, పిలుపుకూ అక్కే.

ఆవిడంటే నాకు కుళ్ళు. దీనికి మర్యాదైన మాట ఏదైనా ఉందేమో, నాకు రాదు. అందగత్తె అనీ కాదు, కలిగినదనీ కాదు. నేను చెమటోడ్చి చేసే పని ఆవిడ నవ్వుతూ చేసేస్తుంది, అదీ నా ఏడుపు. నా ఇల్లు అద్దంలా ఉంటుంది, ఎవరూ గుమ్మం తొక్కరు. ఆవిడ ఇల్లు సంతలా ఉంటుంది, వీధి వీధంతా అక్కడే చేరుతుంది. మా ఆయన కూడా పనినుంచి రాగానే ముందు అన్నగారింట్లో టీ తాగి, తర్వాత నా దగ్గరికి వచ్చేవాడు.

నాకు ఆవిడ మీద పైచేయి రెండు విషయాల్లోనే. ఒకటి అత్తయ్య. మోకాళ్ళు పట్టేసి నడవలేని మనిషి, ఇద్దరు కోడళ్ళలో నా దగ్గరే ఉంటానంది. అక్క దగ్గర గోల ఎక్కువట. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. రెండోది మా నేల. మా ఆయన తాపీ మేస్త్రీ. మా సగంలో నేలని రెండు మెట్ల ఎత్తు లేపాడు. నది పొంగితే అవతల నడుము లోతు, ఇవతల మోకాలి లోతు.

మోకాలి లోతని నేనెప్పుడూ పైకి అనలేదు. మా వీధిలో అదో పద్ధతి. నీళ్ళు తీశాక ఎవరింట్లోకి ఎంత వచ్చాయో అందరూ తగ్గించే చెప్పుకుంటారు. నడుము దాకా వచ్చినవాళ్ళు మోకాలంటారు, మోకాలి దాకా వచ్చినవాళ్ళు పాదమంటారు. ఎక్కువ చెబితే పరువు తక్కువ. పైగా అంతకుముందు ఎవరొచ్చి కొలిచినా ఇళ్ళు ఖాళీ చేయించడానికే కొలిచారు. నేను అందరికంటే రెండాకులు ఎక్కువ చదివాను. నీళ్ళు తీసీ తీయకముందే బురద ఎత్తిపోసి, గోడలకు సున్నం కొట్టించి, తల దువ్వుకుని గడప మీద కూర్చునేదాన్ని. మా గడప తడవలేదు అనేదాన్ని. అవతల పక్క వంగినది లేవకుండా బురద ఎత్తుతున్న అక్క, అదృష్టవంతురాలివే చెల్లీ అనేది. ఆ మాటలో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికేదాన్ని. ఉండేది కాదు, దానికి ఇంకా మండేది.

ఎండలు ముదిరిన రోజుల్లో టౌన్ ప్లానింగ్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో గీతలు పెట్టిన పొడుగాటి కర్ర, నెత్తిన టోపీ. వీధి ఆమెకు కొలతలమ్మాయి అని పేరు పెట్టేసింది. ఆమె కొలిచే తీరే వేరు. మనల్ని గడప మీద నిలబెట్టి, పోయినసారి నీళ్ళు ఒంటి మీద ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించమనేది. చెయ్యి పెట్టిన చోటికి కర్ర ఆనించి అంకె రాసుకునేది. నోరు మాట మార్చినా చెయ్యి మార్చదని ఆ పిల్ల నమ్మకం. మా వీధి చేతుల సంగతి ఆమెకేం తెలుసు.

అక్క గడప దగ్గర పెద్దగా నవ్వు వినబడింది. తర్వాత ఆవిడ గొంతు.

"ఇదిగోనమ్మా, ఇక్కడిదాకా. నా ఒంటికి నడుమనేది ఉంటే అది ఇక్కడే ఉండాలి."

కొలతలమ్మాయి కూడా నవ్వేసింది. ఆవిడ గోడ మీద పాత వరద మరక అలాగే ఉంది, దాచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. వచ్చి ఎంతోసేపు కాలేదు, అప్పుడే ఆ అమ్మాయిని కూడా బుట్టలో వేసుకుందని పళ్ళు కొరుక్కున్నాను.

తర్వాత మా గడప. అక్క కూడా వెనకాలే వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. ఆవిడ అక్కడ లేకపోతే నేనేం చెప్పి ఉండేదాన్నో తెలియదు. ఉంది కాబట్టి, మా గడప తడవలేదండీ అన్నాను. కొలతలమ్మాయి మా కొత్త సున్నం మీద వేలు రాసి చూసింది. కొంచెం కూడా రాలేదా అని మళ్ళీ అడిగింది. కింది మెట్టు దాకా వచ్చి ఆగిందని చెప్పాను. కర్రని మెట్టు దగ్గర పెట్టి రాసుకుంది. లోపల మంచం మీంచి అత్తయ్య దగ్గింది. పోయినసారి ఆవిడని ఎత్తి బట్టలు కత్తిరించే బల్ల మీద కూర్చోబెట్టింది నేనూ మా ఆయనే. ఆ దగ్గు ఉత్తి దగ్గు కాదని నాకు తెలుసు.

కొన్నాళ్ళకి బడి గోడకి పెద్ద పటం అంటించారు. పటంలో నది పొడుగునా ఒక నీలం గీత. గీతకి నది వైపు ఉన్న ఇళ్ళన్నీ తీసేసి, ఆ నేలంతా తవ్వి పల్లం చేస్తారట. వరదొస్తే నీళ్ళు వీధుల్లోకి ఎగబడకుండా అందులో పరుచుకుంటాయట. మిగతా రోజుల్లో అది పచ్చిక మైదానం. నదికి దాని చోటు దానికిచ్చేస్తే మన చోటు జోలికి రాదని కొలతలమ్మాయి పటం ముందు నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మోకాలు, ఆ పైన తడిసిన ఇళ్ళవాళ్ళకి మెరక మీద ఇళ్ళు ఇస్తారు. ఆ ఇళ్ళు అప్పటికే కట్టి, తాళాలేసి ఉన్నాయి. ఎవరికివ్వాలో తేల్చడానికే ఈ కొలతలన్నీ.

ఆ నీలం గీత వీధంతా వంకర్లు తిరుగుతూ వచ్చి, సరిగ్గా మా నడిమి గోడ మీదుగా వెళ్ళింది. అక్క సగం అటు, నా సగం ఇటు.

ఆ పూట ఎవరిదో చొక్కాకి చేతులు తిరగేసి కుట్టాను. సాయంత్రం అక్క వచ్చి, నాకు ఏం తోచట్లేదే చెల్లీ, మిమ్మల్ని వదిలి ఎలా వెళ్ళడం అంటే, దూరమేముంది అక్కా, గాలీ వెలుతురూ ఉంటాయి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

మా ఆయన రెండు రోజులు నీళ్ళు నమిలి, చివరికి చెప్పాడు. అభ్యంతరాలు వినడానికి బడిలో మీటింగు పెడుతున్నారు, అక్కడ ఉన్నది ఉన్నట్టు చెబితే గీత మార్చుతారట. ఇన్నాళ్ళూ అబద్ధమాడానని అందరి ముందూ చెప్పమంటావా అని అడిగాను.

"అందరికీ తెలిసిందే కదా," అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు బావగారు వచ్చారు. కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోకుండా, అమ్మ సంగతి మాట్లాడాలి అన్నారు. డాక్టరు చెప్పాడట, ఈ ఊపిరితో ఆవిడని ఇంకోసారి నీళ్ళలో మోయడం కుదరదని. మాకు కూడా మెరక మీద ఇల్లొస్తే పక్కపక్కనే ఉంటాం, అమ్మ ఎప్పట్లాగే మా దగ్గరే ఉంటుంది. రాకపోతే వాళ్ళు తీసుకెళ్తారు. ఆయన తప్పుగా ఏమీ అనలేదు. కానీ నాకు అర్థమైంది ఒకటే. అందరి ముందూ ఒక్కసారి వంగి మోకాలి మీద చెయ్యి పెడితే ఇల్లూ నాదే, అత్తయ్యా నాతోనే. పెట్టకపోతే రెండూ ఆవిడకే.

పెడదామనే అనుకున్నాను. తలుపేసుకుని అద్దం ముందు నిలబడి వంగి చూసుకున్నాను కూడా. చెయ్యి బాగానే ఆనింది.

మీటింగు రోజు మా వీధి ఒళ్ళంతా పెరిగింది. ఇళ్ళిస్తారని తెలిశాక పాదాలన్నీ మోకాళ్ళయ్యాయి, మోకాళ్ళన్నీ నడుములయ్యాయి. సైకిల్ షాపాయన ఏకంగా గడ్డం కింద చెయ్యి పెట్టి చూపిస్తే, మరి బతికెలా ఉన్నారండీ అని కొలతలమ్మాయి అడిగింది. హాలంతా నవ్వులు. నిజంగా ఎంత తడిసిందో తెలుసుకోవడానికి ఆ అమ్మాయి పక్కింటివాళ్ళని కూడా నిలబెట్టి అడిగింది. సిగ్గుపడుతూనే ఒకరి నిజం ఒకరు చెప్పారు. గీత చాలాచోట్ల అటూ ఇటూ జరిగింది.

మా వంతు వచ్చింది. నేను లేచాను. నోరు తెరిచేలోపే నా వెనక వరసలోంచి అక్క లేచింది.

"మేడం, మా చెల్లి చెప్పలేదు గానీ వాళ్ళింట్లోకీ నీళ్ళొస్తాయి. మోకాలి దాకా వచ్చాయి, నేను చూశాను. పాపం, చెప్పుకోడానికి దానికి మొహమాటం."

పాపం అంది. ఇంకేమన్నా పడేదాన్ని. తలలన్నీ నా వైపు తిరిగాయి, ఒక్కొక్క మొహం మీద ఇంత జాలి. ఆవిడ నా మంచికే అందని నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. రేపు మెరక మీద ఇంట్లో దీపం వేసినా, కిటికీ తీసినా, అత్తయ్యకి మంచినీళ్ళిచ్చినా, ఇదంతా అక్క లేచి నిలబడి ఇప్పించిందేనని వీధి అనుకుంటుంది. నేనూ అనుకుంటాను.

"చెప్పండి," అంది కొలతలమ్మాయి. "ఎక్కడిదాకా వచ్చాయి?"

నేను వంగలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

"మా అక్క పొరబడిందండీ. మా గడప తడవదు."

మా ఆయన నేల చూపులు చూశాడు. ఇంటివాళ్ళే రాలేదంటే నేను రాయలేనండీ అని కొలతలమ్మాయి పాత అంకె అలాగే ఉంచి, తర్వాతి ఇంటివాళ్ళని పిలిచింది. అక్క కూర్చుంది. కుర్చీ కాలు నేల మీద గీసుకున్న చప్పుడైంది.

వాళ్ళు వెళ్ళే రోజున కొడుకులిద్దరూ అత్తయ్యని కుర్చీతో సహా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. నువ్వెప్పుడొస్తావే అని అడిగింది. కుట్టాల్సినవి చాలా ఉన్నాయి అత్తయ్యా అన్నాను. కుట్టు, కుట్టు అంది, కళ్ళు తుడుచుకోకుండానే. ఆటో మలుపు తిరిగేదాకా అక్క వెనక్కి తిరిగి చెయ్యూపుతూనే ఉంది. నేను మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

ఆ వారమే కొత్త ఇంటికి తెరలు కుట్టి తీసుకెళ్ళాను. ప్రేమతో కాదు, వంక పెట్టడానికి వీల్లేకుండా కుట్టి ఆవిడ చేతిలో పెట్టాలని. అంచులు రెండుసార్లు మడిచి కుట్టాను. మెరక మీద గాలి నిజంగానే బాగుంది. గదికి రెండు కిటికీలు. కుళాయి తిప్పితే నీళ్ళు, బొట్లుబొట్లుగా కాదు, ధారగా. అత్తయ్య మంచం కిటికీ పక్కన వేశారు. దిండు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టారు, దగ్గు తగ్గింది. అదొకటి నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ ఆ దిండు ఎత్తు పెట్టాలని నాకెందుకు తోచలేదా అన్నదే తలలో తిరిగింది. అక్క తెరలు చూసి, ఇంత బాగా ఎలా కుడతావే, నాకు గుండీ కుట్టడం కూడా రాదు అని మురిసిపోయింది. వచ్చిన పక్కింటావిడకి కూడా చూపించింది. పొగిడినా నాకు మంటే. టీ తాగకుండా వచ్చేశాను.

మా వీధిలో యంత్రాలు దిగాయి. అక్క సగాన్ని కూల్చే రోజున మా ఆయన పనికి వెళ్ళలేదు. నడిమి గోడకి దెబ్బ తగలకుండా యంత్రం వాడి పక్కనే నిలబడి, ఇక్కడ మెల్లగా, అక్కడ మెల్లగా అని చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి అవతల ఏమీ లేదు. మా గోడకి బయటి వైపు అక్క వంటింటి ఆకుపచ్చ రంగు, అద్దం తగిలించిన మేకు, పొయ్యి పైన పొగ మసి, అన్నీ ఎండలో పడ్డాయి. వీధిలో పోయేవాళ్ళు చూసుకుంటూ పోయారు. ఇంకొకరి లోపలి బట్టలు బయట ఆరేసినట్టు నాకు ఇబ్బందిగా అనిపించింది. సిమెంటు పూసెయ్యి అని మా ఆయనతో పోట్లాడాను. రేపు పూస్తా, ఎల్లుండి పూస్తా అంటూ ఆయన పూయలేదు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పని నుంచి వచ్చిన మా ఆయనకి ముందుగా టీ ఇచ్చేది ఇప్పుడు నేనే. ఎన్నేళ్ళుగానో కోరుకున్నది అదే. ఆయన తాగేవాడు, గ్లాసు కింద పెట్టేవాడు, తవ్విన నేల వైపు చూస్తూ కూర్చునేవాడు. వానలు మొదలయ్యాయి.

నది పొంగుతోందని మైకులో చెప్పిన రోజు మా ఆయన అవతలి ఒడ్డున పనిలో చిక్కుబడిపోయాడు. వంతెన మూసేశారు. నేను ఎప్పటిలాగే అన్నీ సర్దుకున్నాను. మిషన్ బల్ల మీదికి ఎక్కించాను. బట్టల మూటలు అటక మీద పెట్టాను. తాగడానికని డ్రమ్ము నిండా మంచినీళ్ళు పట్టి పెట్టాను. మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని గడప వైపు చూస్తున్నాను.

నీళ్ళు వచ్చాయి. ఎర్రగా, చెత్తంతా మోసుకుంటూ, తవ్విన పల్లంలోకి దిగి పరుచుకున్నాయి. అక్క వంటిల్లు ఉన్న చోట, మంచం ఉన్న చోట, అందరూ కూర్చునే అరుగు ఉన్న చోట, అన్నిచోట్లా నీళ్ళే. ఆకుపచ్చ గోడ మీదికి ఒక బెత్తెడు ఎక్కాయి. వీధి వైపుకి రాలేదు. మధ్యాహ్నం దాటింది. కింది మెట్టు కూడా తడవలేదు. నేను లేచి గడప దగ్గర నిలబడి చూశాను, నమ్మకం కుదరక చెప్పులు విప్పి మెట్టు మీద కాలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.

ఫోన్ మోగింది. అక్క.

"నీళ్ళొచ్చాయా?" అంది. వెనక అత్తయ్య గొంతు, ఏమంటోందే, ఏమంటోందే అని.

రాలేదంటే ఆవిడ సంతోషించేది. హమ్మయ్య అనేది, అత్తయ్యకి చెప్పేది, ఫోన్ పెట్టేసేది. ఇద్దరూ నిశ్చింతగా భోంచేసేవాళ్ళు, నేను లేకుండా. ఆ వంటింట్లో ఆ రెండు కంచాలు నా కళ్ళ ముందు కనబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది.

"వచ్చాయక్కా," అన్నాను.

"ఎక్కడిదాకా?"

"మోకాలి దాకా."

"మంచం దిగకు. నేనొస్తున్నా."

ఫోన్ పెట్టాక గానీ ఏమన్నానో నాకు బోధపడలేదు. మెరక నుంచి మా వీధికి నడిచొస్తే ఎంతోసేపు పట్టదు. నేల చూశాను. నిన్న తుడిచిన నేల, అద్దంలా. బిందె తీసుకుని డ్రమ్ములో ముంచాను, గదిలో కుమ్మరించాను. ఇంకో బిందె, ఇంకో బిందె. డ్రమ్మంతా అయిపోయింది. నేల తడిసి, నీళ్ళు గడప దగ్గర ఆగాయి గానీ, నా కాలివేళ్ళు కూడా మునగలేదు. బిందె పట్టుకుని మధ్యలో నిలబడిపోయాను.

అక్క వచ్చింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, భుజాన తాడు, చేతిలో ప్లాస్టిక్ తొట్టి, నన్ను మోసుకుపోవడానికే అన్నట్టు. వర్షంలో పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. పొడి మెట్లెక్కి గడప మీద ఆగింది. గదిలో నీళ్ళు తేటగా ఉన్నాయి. నా పాదాలు అందులో గోళ్ళతో సహా కనబడుతున్నాయి. ఆవిడ నీళ్ళ వంక చూసింది, నా చేతిలో బిందె వంక చూసింది, మూత తీసి ఉన్న డ్రమ్ము వంక చూసింది. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వితే ఇక చచ్చిపోయినా ఆ మెరక ఎక్కకూడదని ఆ క్షణంలోనే ఒట్టు పెట్టుకున్నాను.

ఆవిడ తాడు, తొట్టి గడప బయట పెట్టింది. మూలనున్న చీపురు తీసుకుంది.

"నువ్వు ఆ చివర నుంచి తొయ్యి. నేను ఇటు నుంచి వస్తా."

ఇద్దరం తోశాం. నీళ్ళు గడప దాటి మెట్ల మీదుగా వీధిలోకి పోయాయి. అత్తయ్యకి ఏం చెబుతావు అని అడుగుదామనుకుంటూనే ఉన్నాను. మంచం కిందికి వంగి తోస్తూ ఆవిడే అంది.

"అత్తయ్యకి మోకాలి దాకా అనే చెప్తాలే."

చీపురు గోడకి ఆనించి, చేతులు తుడుచుకుంది. "రెండు జతలు సర్దుకో. నీళ్ళు తీసేదాకా మా దగ్గరుందువుగాని. మా మరిదికి నేను ఫోన్ చేస్తా, అటే రమ్మని."

తీయడానికి నీళ్ళేమీ లేవని ఇద్దరికీ తెలుసు. నేను బీరువా రెండు తలుపులూ తీశాను. రెండు జతలు సంచిలో పెట్టాను. తర్వాత ఇంకో రెండు పెట్టాను. తర్వాత దుప్పట్లు, మా ఆయన చొక్కాలు, కత్తెర, దారాల డబ్బా, ఉన్నవి ఉన్నట్టు అన్నీ కిందికి దించడం మొదలుపెట్టాను. అక్క లోపలికి వెళ్ళి ఇంకో సంచి వెతికి తెచ్చింది.